కాన్పు కార్డులో గుండె జబ్బు

(డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ స్మారకోపన్యాస పాఠం)

అచ్చమాంబ గారి పేరు మీద జరిగే సభ కాబట్టి కాన్పుల గురించి మాట్లాడతారనుకుని వచ్చినవాళ్లు మీలో కొందరైనా ఉంటారు. నేను ఆడవాళ్ల గుండె గురించి మాట్లాడబోతున్నాను. దారి తప్పానని అనుకోకండి. గుండె గురించి చెప్పాల్సిన మాట కాన్పు దగ్గరే మొదలవుతుంది కాబట్టి ఈ వేదిక మీదే చెప్పాలనిపించింది.

ఆవిడ గురించి ఈ సభకు పరిచయం అక్కర్లేదు. విజ్ఞాన చంద్రికా మండలి లక్ష్మణరావు గారి కూతురు. తొలి తెలుగు కథకురాలని చాలామంది ఒప్పుకునే భండారు అచ్చమాంబ గారికి మేనకోడలు. ఉద్యమాల్లో పనిచేశారు, 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకు వెళ్లారు. అన్నిటికన్నా నాకు గొప్పగా తోచేది ఒకటుంది. ఆవిడ బెజవాడలో పురుళ్లు పోస్తూ, 'ప్రసూతి – శిశుపోషణ' అని ఆ విద్యనంతా తెలుగులో పుస్తకంగా రాశారు. రోగికి తెలియని వైద్యం సగం వైద్యమేనని నమ్మిన మనిషి చేసే పని అది.

కాన్పు ఆడదానికి పునర్జన్మ అన్న మాట ఆ కాలంలో ఊరికే పుట్టలేదు. పురిటి గదిలోకి వెళ్లిన మనిషి తిరిగొస్తుందో రాదో చెప్పలేని రోజులవి. ఇవాళ లెక్క మారింది. 2018–20 నాటి ప్రభుత్వ గణాంకాల ప్రకారం లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు దేశం మొత్తం మీద 97 ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43. ఆ నలభై చిల్లర కూడా ఉండకూడదనుకోండి. అయినా అచ్చమాంబ గారి తరం మొదలుపెట్టిన పని చాలావరకు ఫలించిందని ఒప్పుకోవాలి.

మరి కాన్పు గండం గడిచిన ఆ తల్లులు ఏమవుతున్నారు? ఉభయ గోదావరి జిల్లాల్లో 45 ఊళ్లలో, సుమారు లక్షా ఎనభై వేల మంది జనాభాలో, ఒక ఏడాదిలో జరిగిన 1,354 చావుల గురించి ఇంటింటికీ వెళ్లి ఆరా తీశారు. మనిషి ఎలా పోయాడు, పోయేముందు ఏమన్నాడు, ఎక్కడ నొప్పన్నాడు అని ఇంట్లోవాళ్లను అడిగి కారణం తేల్చే పద్ధతి అది. ఆ ఫలితాలు 2006లో అచ్చయ్యాయి. నూటికి 32 చావులు గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే. అంటురోగాల వాటా 12. పల్లెల్లో జనం విషజ్వరాలతో, విరేచనాలతో పోతారన్న మన ఊహ అప్పటికే పాతబడిపోయింది. ప్రపంచం సంగతి చూస్తే, 2019లో చనిపోయిన ఆడవాళ్లలో నూటికి 35 మంది పోయింది గుండె, రక్తనాళాల జబ్బులతోనే.

అయినా "గుండెపోటు" అనగానే మన కళ్ల ముందు మెదిలేది సినిమాలో ఛాతీ పట్టుకుని సోఫాలో కూలబడే జమీందారు. వైద్యశాస్త్రం కూడా చాలాకాలం ఆ సినిమానే చూసింది. అమెరికాలో డెబ్బైలలో మొదలైన పేరుమోసిన గుండె అధ్యయనం ఒకదాంట్లో 12,866 మందిని తీసుకున్నారు, అందరూ మగవాళ్లే. ఆస్పిరిన్ గుండెపోటును ఆపుతుందని తేల్చిన మరో అధ్యయనంలో 22,071 మంది డాక్టర్లు, వాళ్లూ అంతా మగ డాక్టర్లే. తర్వాత సుమారు నలభై వేల మంది ఆడవాళ్ల మీద అదే ఆస్పిరిన్‌ను పరీక్షిస్తే, 2005లో తేలిందేమిటంటే పక్షవాతం తగ్గింది గానీ తొలి గుండెపోటు తగ్గలేదని. అప్పటిదాకా మగవాళ్లకు కుట్టిన చొక్కానే ఆడవాళ్లకూ తొడిగారన్నమాట. ఈ కథ ఇప్పటికి చాలామంది చెప్పారు, నేను సాగదీయను.

నాకు చెప్పాలని ఉన్నది వేరే. ఆడమనిషి గుండె జబ్బు ఆవిడకు యాభై ఏళ్లు వచ్చాక ఈసీజీ కాగితం మీద మొదలు కాదు. అంతకు ముందు పాతికేళ్ల నుంచీ ఆవిడ బతుకులో, ఆవిడ ఇంట్లో, ఆవిడ ఊరి గాలిలో పడుతూ వచ్చిన గుర్తులు ఉంటాయి. వాటిలో కొన్నిటిని మనమే రాసి మనమే పారేస్తాం. కొన్నిటిని అసలు అడగం.

ఒకావిడ సంగతి చెబుతాను. నేను జిల్లా ఆస్పత్రిలో ఫిజీషియన్‌గా పనిచేసిన రోజుల్లో భర్తను చూపించడానికి వచ్చేది. ఆయనకు షుగరు, బీపీ. ఆయన కాగితాలన్నీ బట్టల షాపు ప్లాస్టిక్ కవరులో తేదీల వరసన పెట్టుకుని వచ్చేది. ఏ మాత్ర పొద్దున, ఏది రాత్రి అన్నది ఆయనకు తెలియదు, ఆవిడకు కంఠతా వచ్చు. ఒకరోజు ఓపీ మెట్లెక్కి వచ్చి, నా ముందు కూర్చుని, మాట్లాడలేక కాసేపు ఊపిరి పీల్చుకుంటూ ఉండిపోయింది.

"ఏమ్మా, ఎన్నాళ్ల నుంచి ఈ ఆయాసం?"

"నాకేం లేదండీ డాక్టరు గారూ. కాస్త గ్యాసు. ముందు ఆయన సంగతి చూడండి."

బలవంతాన బీపీ చూస్తే 190 మీద 110. కాళ్లకు వాపు. కాన్పుల గురించి అడిగాను. రెండో కాన్పులో ఒళ్లంతా నీరు పట్టిందట, ఫిట్స్ వచ్చాయట, రాత్రికి రాత్రి పెద్దాసుపత్రికి తీసుకెళ్లారట. "తర్వాత బీపీ ఎవరైనా చూశారా?" "ఎందుకండీ, బిడ్డ దక్కింది, నేను దక్కాను." ఆ కాన్పు కార్డు ఉందా అంటే నవ్వింది. "అదెప్పుడో పొయ్యి రాజేయడానికి పనికొచ్చుంటుందండీ." ఇంకో రెండు ప్రశ్నలు అడిగితే ఇరవై ఎనిమిదో ఏటనే గర్భసంచి తీయించుకున్నదని తెలిసింది.

ఆ ఒక్క మనిషిలో నా ఉపన్యాసం అంతా ఉంది.

ముందు కాన్పు బీపీ సంగతి. గర్భంతో ఉన్నప్పుడు రక్తపోటు పెరిగి, మూత్రంలో ప్రోటీన్ పోయి, వాపులు వచ్చే స్థితిని డాక్టర్లు ప్రీ ఎక్లాంప్సియా అంటారు. ముదిరితే ఫిట్స్, దాన్ని మనవాళ్లు గుర్రపువాతం అనేవారు. బిడ్డ పుట్టగానే బీపీ దిగుతుంది కాబట్టి అక్కడితో కథ అయిపోయిందని అందరూ అనుకుంటారు. అయిపోలేదు. 25 అధ్యయనాలను కలిపి, సుమారు 35 లక్షల మంది తల్లుల వివరాలు చూసి 2007లో తేల్చిన లెక్క ఉంది. కాన్పులో ఈ జబ్బు వచ్చినవాళ్లకు తర్వాతి కాలంలో గుండెపోటు ముప్పు మిగతా తల్లులకంటే రెట్టింపు. బీపీ జబ్బుగా స్థిరపడే ముప్పు మూడు రెట్లు దాటింది. గర్భం అంటే గుండె మామూలు కన్నా దాదాపు సగం ఎక్కువ రక్తాన్ని తోడాల్సిన కాలం. ఆ బరువు మోయలేక ఇరవై రెండేళ్లకే తడబడిన గుండె, రక్తనాళాలు యాభై ఏళ్లకు ఏం చేస్తాయో ముందే చెప్పేశాయి. 2011 నుంచి అమెరికా గుండె వైద్యుల మార్గదర్శకాల్లో కాన్పు చరిత్ర అడగమని స్పష్టంగా రాశారు. మన దగ్గర గుండె డాక్టరు పొగ తాగుతారా అని ఆడవాళ్లనూ అడుగుతాడు, నూటికి తొంభై అయిదు మంది లేదంటారు. కాన్పులో బీపీ వచ్చిందా అని మాత్రం అడగడు. అది గైనకాలజీ వాళ్ల పని అనుకుంటాడు. వాళ్లేమో కాన్పు తర్వాత నలభై రెండో రోజుతో ఫైలు మూసేస్తారు.

రాసిన కాగితం పారేయకుండా ఉంచితే ఏమవుతుందో చూడండి. ఇంగ్లండులో హెర్ట్‌ఫర్డ్‌షైర్ అనే జిల్లా ఉంది. అక్కడ 1911 నుంచి ఎథెల్ మార్గరెట్ బర్న్‌సైడ్ అనే ఆరోగ్య పర్యవేక్షకురాలి ఆధ్వర్యంలో మంత్రసానులు, ఆరోగ్య కార్యకర్తలు ప్రతి బిడ్డ పుట్టిన బరువూ, ఏడాది నిండాక బరువూ పెద్ద పెద్ద పుస్తకాల్లో రాసిపెట్టారు. డెబ్బై ఏళ్ల తర్వాత డేవిడ్ బార్కర్ అనే వైద్యుడి బృందం ఆ పుస్తకాలు దులిపి, ఆ బిడ్డలు పెద్దయ్యాక దేనితో పోయారో పోల్చి చూసింది. తక్కువ బరువుతో పుట్టినవాళ్లలో గుండె జబ్బు చావులు ఎక్కువ. ముందు మగవాళ్లలో చూశారు, 1993లో ఆడవాళ్లలోనూ అంతేనని తేలింది. తల్లి కడుపులో తిండి చాలక ఇబ్బంది పడ్డ బిడ్డ గుండె అరవై ఏళ్ల తర్వాత కూడా ఆ లోటు మోస్తుందన్నమాట.

ఇది తెల్లవాళ్ల కథ, మనకెందుకు అనుకోనక్కర్లేదు. దీనికి జోడీ కథ మన హైదరాబాదు పక్కనే ఉంది. 1987 నుంచి 1990 దాకా జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు నగరానికి చేరువలోని 29 ఊళ్లను తీసుకున్నారు. కొన్ని ఊళ్లలో గర్భిణులకూ, ఆరేళ్లలోపు పిల్లలకూ రోజూ మొక్కజొన్న, సోయా పిండితో ఉప్మా చేసి పెట్టారు. మిగతా ఊళ్లకు ఆ అంగన్‌వాడీ పథకం ఇంకా రాలేదు. పిల్లలకు పదమూడు నుంచి పద్దెనిమిదేళ్లు వచ్చాక మళ్లీ వెళ్లి పరీక్షించారు. ఉప్మా తిన్న ఊళ్ల పిల్లలు మిగతా వాళ్లకన్నా సగటున 14 మిల్లీమీటర్లు పొడుగు. అది పెద్ద విశేషం కాదు. ఇన్సులిన్‌కు ఒళ్లు లొంగని గుణం వాళ్లలో 20 శాతం తక్కువ, రక్తనాళాల బిరుసుదనమూ తక్కువ. రక్తనాళం బిరుసెక్కడమంటే ఎండకు ఎండి బిగిసిపోయిన మోటారు పైపు లాంటిదే, వంచితే చిట్లుతుంది. గర్భిణికి పెట్టిన గిన్నెడు ఉప్మా పదిహేనేళ్ల తర్వాత బిడ్డ రక్తనాళాల్లో కనిపించింది. అంగన్‌వాడీ కేంద్రాన్ని గుండె ఆస్పత్రిగా ఎవరైనా పిలిస్తే నేను అభ్యంతరం చెప్పను.

ఇక తిండిలో ఇల్లాలి వంతు. అందరూ తిన్నాక మిగిలింది తినడం, కూర అడుగంటితే పచ్చడి మెతుకులు కలుపుకోవడం మన ఇళ్లలో ఆచారం. అంటే అన్నం ఎక్కువ, ఉప్పు ఎక్కువ, పప్పూ కూరా తక్కువ. అటు రక్తహీనత, ఇటు ఊబకాయం రెండూ ఒకే ఇంట్లో ఉండటానికి ఒక కారణం ఇదే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్లలో నూటికి 58.8 మందికి, తెలంగాణలో 57.6 మందికి రక్తహీనత. అదే సర్వేలో ఉండాల్సిన దానికన్నా బరువు ఎక్కువున్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 36.3, తెలంగాణలో 30.1 శాతం. రక్తం పలచబడితే గుండె ఎక్కువసార్లు కొట్టుకుని ఆ లోటు పూడ్చాలి. ఆపైన బరువూ, బీపీ. రెండు రూపాయల కిలో బియ్యాన్ని తప్పుపట్టేవాళ్లతో నేను ఏకీభవించను, ఆకలితో పడుకున్న రోజులు గుర్తున్నవాళ్లెవరూ ఏకీభవించరు. బియ్యంతో ఆగిపోయి పప్పుదాకా రాకపోవడమే తప్పు.

ఇప్పుడు గర్భసంచి సంగతి. దీని దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే ఇది ప్రత్యేకించి మన తెలుగువాళ్ల సమస్య.

2015–16 జాతీయ సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. ఇంత తేడా జబ్బుల వల్ల రాదు. మెదక్ జిల్లా పల్లెల్లో అనవసరంగా జరిగిన ఇలాంటి ఆపరేషన్ల మీద హైదరాబాదు వైద్యులు కామేశ్వరి గారు, ప్రకాశ్ వింజమూరి గారు ఎప్పుడో వివరంగా రాశారు. వాళ్లు రాసింది మా వృత్తిలో అందరికీ తెలుసు. పదహారు, పదిహేడేళ్లకు పెళ్లి, ఇరవై రెండుకల్లా ఇద్దరు పిల్లలు, వెంటనే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్. ఆ తర్వాత తెల్లబట్టో, నడుంనొప్పో, నెలసరి ఎక్కువ కావడమో. కూలికి పోతేగానీ గడవని మనిషికి నెలలో ఆ అయిదు రోజులు పెద్ద బెడద. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళితే "ఇద్దరు పిల్లలున్నారుగా, ఇక సంచితో పనేముంది, ఉంచుకుంటే క్యాన్సరవుతుంది" అంటాడు. పట్నంలో నర్సింగ్ హోమ్ చీటీ కూడా అతనే రాసిస్తాడు, అందులో అతని వాటా అతనికి ఉంటుంది. "పెద్ద ఆపరేషన్" అయిపోతుంది. తీసింది సంచి ఒక్కటేనా, అండాశయాలు కూడానా అని అడిగితే చాలామంది తెలియదనే అంటారు.

తెలియాల్సింది అదే. ఆడవాళ్లకు తొలి గుండెపోటు మగవాళ్లకన్నా సగటున తొమ్మిదేళ్లు ఆలస్యంగా వస్తుందని 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం 2004లో చూపింది. ఆ తొమ్మిదేళ్ల వాయిదాలో అండాశయాలు ఇచ్చే ఈస్ట్రోజన్‌కు పెద్ద పాత్ర ఉంది. అండాశయాలు తీసేస్తే ఆ రక్షణ రాత్రికి రాత్రి పోతుంది. అవి ఉంచినా పూర్తి భరోసా లేదు. 35 ఏళ్లలోపే గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లను, అండాశయాలు ఉంచినవాళ్లనే, మేయో క్లినిక్ బృందం చాలా ఏళ్లు గమనించి 2018లో ప్రకటించింది: గుండె బలహీనపడి ఆయాసపడే జబ్బు ముప్పు వాళ్లలో నాలుగున్నర రెట్లు, గుండె రక్తనాళాల జబ్బు రెండున్నర రెట్లు. అమెరికాలో ముప్ఫై అయిదుకు ముందు ఈ ఆపరేషన్ అరుదు. మన పల్లెల్లో వీధికి ఇద్దరు ముగ్గురు కనిపిస్తారు. వీళ్లంతా ఇప్పుడు నలభై, యాభై ఏళ్ల మధ్య ఉన్నారు. ఆయాసమని, నీరసమని ఓపీల్లో కూర్చుంటున్నది వీళ్లే. పదిహేనేళ్ల కింద ఎవరో సంపాదించుకున్న కమిషన్‌కు ఈ గుండెలు ఇప్పుడు వడ్డీ కడుతున్నాయని నా అభిప్రాయం. కటువుగా అన్నాననుకుంటే అననివ్వండి.

గాలి సంగతికి వద్దాం. కాలుష్యం అనగానే ఢిల్లీ గుర్తొస్తుంది, ఫ్యాక్టరీ గొట్టాలు గుర్తొస్తాయి. ఇందాక ఉప్మా తిన్న ఊళ్లు చెప్పానే, ఆ ప్రాంతంలోనే తర్వాతి కాలంలో 28 ఊళ్లలో గాలినీ గుండెనూ కలిపి కొలిచారు. ఆ ఊళ్ల గాలిలో సూక్ష్మధూళి ఏడాది సగటు ఘనపు మీటరుకు దాదాపు 33 మైక్రోగ్రాములు. మన ప్రభుత్వ ప్రమాణం 40. అంటే చట్టం లెక్కన ఆ గాలి శుభ్రమైనదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పుడు చెప్పే హద్దు మాత్రం 5. ఆ "శుభ్రమైన" గాలిలోనే ధూళి ఒక్క మైక్రోగ్రాము పెరిగిన చోట ఆడవాళ్ల పై బీపీ సుమారు 1.4 పాయింట్లు ఎక్కువ కనిపించింది. కట్టెలూ, పిడకలూ, పత్తి కట్టె వాడి వంట చేసే ఆడవాళ్లలో, ముఖ్యంగా పొగ బయటికి పోయే దారి లేని గదిలో వండేవాళ్లలో, మెడ దగ్గర రక్తనాళం గోడ మందంగా ఉంది. గోడ మందం కావడమంటే పూడుకుపోవడానికి తొలి మెట్టు.

ఈ ధూళి ఊపిరితిత్తుల దగ్గర ఆగదు. అక్కణ్నుంచి రక్తంలో వాపు గుణం రేపుతుంది, నాళాలను బిగిస్తుంది, రక్తం గడ్డకట్టే స్వభావాన్ని పెంచుతుంది. 2007లో అమెరికాలోని 36 నగర ప్రాంతాల్లో ముట్లుడిగిన 65,893 మంది ఆడవాళ్ల మీద జరిగిన పరిశీలనలో సూక్ష్మధూళి 10 మైక్రోగ్రాములు పెరిగితే గుండె, రక్తనాళాల జబ్బుతో చనిపోయే ముప్పు 76 శాతం పెరిగినట్టు తేలింది. వాళ్లలో ఎవరూ పొయ్యి ఊదినవాళ్లు కాదని గుర్తుంచుకోండి.

గ్యాసు వచ్చేసిందిగా అంటారు. వచ్చింది. 1999లోనే దీపం పథకం, 2016లో ఉజ్జ్వల. 2019–21 జాతీయ సర్వేలో వంటకు శుభ్రమైన ఇంధనం వాడే ఇళ్లు తెలంగాణలో 91.8 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 83.6. ఇది చిన్న విజయం కాదు. కానీ ఏ ఊరికైనా తెల్లవారుజామున వెళ్లండి. కాఫీ, కూర గ్యాసు మీద, స్నానాల నీళ్లు కట్టెల పొయ్యి మీద. సిలిండర్ నెల చివరిదాకా రావాలి కదా. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితమంటున్నారు, సంతోషం. నలుగురున్న ఇంటికి మూడు ఏ మూలకు? సర్వేలో "గ్యాసు ఉంది" అని టిక్కు పడిన ఇంట్లోనే నీళ్ల పొయ్యి దగ్గర కూర్చుని ముసలావిడ దగ్గుతూ ఉంటుంది. శ్రీకాకుళం వైపు పెద్దవాళ్లలో అడ్డపొగ, అంటే చుట్ట నిప్పు నోట్లోకి పెట్టి కాల్చే అలవాటు, ఇంకా పూర్తిగా పోలేదు. నిజామాబాద్, జగిత్యాల ఇళ్లలో బీడీలు చుట్టే ఆడవాళ్లు పీల్చే పొగాకు ధూళి ఏ లెక్కలోకీ రాదు. పొగతాగే మగవాడికన్నా పొగతాగే ఆడమనిషికి గుండె ముప్పు నాలుగో వంతు ఎక్కువని తెలిశాక కూడా.

ఇంతదాకా చెప్పినవి కొలవడానికి వీలైనవి. కొలవడానికి వీల్లేదనుకున్నదాన్ని కూడా కొందరు కొలిచారు. స్వీడన్‌లో క్రిస్టినా ఓర్త్ గోమర్ బృందం గుండె జబ్బు వచ్చి కోలుకున్న ఆడవాళ్లను గమనించింది. ఇంట్లో భర్తతో తీవ్రమైన గొడవలు, మనస్తాపం ఉన్నవాళ్లకు జబ్బు తిరగబెట్టే ముప్పు దాదాపు మూడు రెట్లు ఉంది. ఉద్యోగంలో ఒత్తిడికి మాత్రం అంత ప్రభావం కనపడలేదు. అది 2000 నాటి మాట. 2007లో అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ పరిశోధకులు ఇంకొకటి చెప్పారు. భర్తతో మాటా మాటా వచ్చినప్పుడు నోరు మెదపకుండా లోపలే దిగమింగుకునే ఆడవాళ్లకు, బయటికి అనేసే ఆడవాళ్లకన్నా ఆ తర్వాతి పదేళ్లలో చనిపోయే ముప్పు నాలుగు రెట్లు. మగవాళ్లలో ఈ తేడా లేదు. మన ఇళ్లలో "నోట్లో నాలుక లేని పిల్ల" అంటే మెప్పు. ఆ మెప్పు ఖరీదు ఎంతో పెళ్లిచూపుల్లో ఎవరూ చెప్పరు.

ఇంటి చాకిరీ లెక్కా చూడండి. 2019లో కేంద్రం చేయించిన సమయ వినియోగ సర్వేలో జీతం లేని ఇంటి పని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతున్నారు, ఆ పని చేసే మగవాళ్లు 97. రోజూ అరగంట నడవమ్మా అని చీటీ మీద రాసే డాక్టరు ఆ అరగంట ఎక్కణ్నుంచి తెచ్చుకోవాలో కూడా రాస్తే బాగుంటుంది.

డబ్బు గురించి రెండు మాటలు. మన దేశంలో 89 ఆస్పత్రుల్లో గుండెపోటుతో చేరిన 20,468 మందిని పరిశీలించి 2008లో ఒక లెక్క ప్రకటించారు. నెలరోజుల్లో చనిపోయినవాళ్లు పేదల్లో 8.2 శాతం, ధనికుల్లో 5.5. ఇద్దరికీ అందిన వైద్యం తేడాను లెక్కలోంచి తీసేసి చూస్తే చావుల్లో తేడా మాయమైంది. చంపిన తేడా జబ్బులో లేదు, అందిన వైద్యంలో ఉంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో పుట్టుకతో గుండె లోపం ఉండి ఆపరేషన్ చెప్పిన పిల్లల్లో ఏడాదిలోపు చేయించుకున్నవాళ్లు మగపిల్లల్లో 70 శాతం, ఆడపిల్లల్లో 44 శాతమని 2011లో తేలింది. మన దగ్గర 2007లో ఆరోగ్యశ్రీ వచ్చి డబ్బు అడ్డం చాలావరకు తీసేసింది. అయినా కాన్పులు, ఆడవాళ్లకే వచ్చే జబ్బులు పక్కన పెట్టి చూస్తే ఆ పథకం కింద ఆస్పత్రుల్లో చేరినవాళ్లలోనూ, ఖర్చయిన సొమ్ములోనూ ఆడవాళ్ల వాటా సగం కన్నా తక్కువే ఉంది. ఆపరేషన్ ఉచితమే. ఆవిడ వారం రోజులు మంచాన పడితే గేదె పాలు ఎవరు తీస్తారు, మనవణ్ని బడికి ఎవరు పంపుతారు అన్నదానికి ఏ కార్డూ చెల్లదు.

దీనికి తోడు "గ్యాసు". ఛాతీలో బరువుంటే గ్యాసు, దవడ లాగితే పంటి నొప్పి, వీపు మధ్య పొడిస్తే పని ఎక్కువై, వాంతి వస్తే పైత్యం. ఆడవాళ్లకూ ఛాతీ నొప్పే ముఖ్య లక్షణం, కానీ దాంతోపాటు, ఒక్కోసారి దానికి బదులు, ఆయాసం, వాంతి, చెమట, విపరీతమైన నీరసం ఎక్కువగా వస్తాయి. వంటసోడా నీళ్లు తాగి, ఇనో తాగి, తెల్లారేదాకా చూద్దామనుకుంటారు. చివరికి యాంజియోగ్రామ్ దాకా వెళ్లినా పెద్ద నాళాల్లో బ్లాకులు కనపడకపోతే "టెన్షన్ తగ్గించుకోమ్మా" అని పంపేస్తారు. ఆడవాళ్లలో సన్న నాళాల జబ్బు ఎక్కువని, అది మామూలు యాంజియోగ్రామ్‌లో కనపడదని తెలిసిన వైద్యులు కూడా రద్దీలో ఈ మాటే అంటారు.

చేయగలిగిందేమిటి? పెద్ద ఆస్పత్రులు కట్టమని నేను అడగను. మన దగ్గర ఇప్పటికే ఒక కాగితం ఉంది. ముప్ఫై ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరి ఇంటికీ ఆశా కార్యకర్త వచ్చి బీపీ, షుగరు ముప్పు అంచనా వేయడానికి నింపే పత్రం అది. వయసు, పొగ, మందు, నడుం చుట్టుకొలత, వ్యాయామం, కుటుంబ చరిత్రకు అందులో మార్కులుంటాయి. పొయ్యిలో ఏం వాడతారన్న ప్రశ్న కూడా ఉంది. కానీ దాన్ని ఊపిరితిత్తుల జబ్బు కింద పెట్టారు, గుండె మార్కుల్లో కలవదు. కాన్పులో బీపీ వచ్చిందా, గర్భసంచి తీశారా, ఏ వయసులో, అండాశయాలు ఉన్నాయా అన్న ప్రశ్నలకు చోటు లేదు. ఇవి కలపడానికి కొత్త యంత్రం అక్కర్లేదు, కొత్త బడ్జెట్ అక్కర్లేదు. రెండు వరుసలు చాలు. కాన్పు కార్డులో బీపీ ఎక్కువని రాసి ఉన్న తల్లిని నలభై రెండో రోజున వదిలేయకుండా ఏడాదికోసారి బీపీ చూసే జాబితాలోకి ఎక్కించాలి. ఆ కార్డు రాసేదీ ఏఎన్ఎమ్మే, ఆ జాబితా చూసేదీ ఏఎన్ఎమ్మే. ఈ సభలో ఉన్న ఆరోగ్య శాఖ అధికారులను ఈ రెండు వరుసల కోసమే అడుగుతున్నాను.

మిగతావాళ్లకు ఒక విన్నపం. ఇంటికి వెళ్లాక మీ అమ్మనో, అత్తగారినో, మీ ఆవిడనో కూర్చోబెట్టి అడగండి. ఏ కాన్పులోనైనా బీపీ వచ్చిందా, గర్భసంచి తీయించుకుంటే ఎన్నో ఏట, రోజూ పొయ్యి దగ్గర ఎంతసేపు, ఆఖరుసారి బీపీ ఎప్పుడు చూపించుకున్నారు అని. జవాబులు ఒక కాగితం మీద రాసి ఆవిడ ఆధార్ కార్డుతో కలిపి పెట్టండి, ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ముందు అది చూపించండి. ఛాతీలో బరువో, ఊపిరాడకపోవడమో, చెమటతో వాంతో వచ్చి పావుగంటలో తగ్గకపోతే గ్యాసు మందు కోసం వెతకొద్దు. 108కి ఫోన్ చేయండి.